మైనర్ల కేసులు: లెక్కలు చెప్పేది ఎంత, బోర్డు ముందు జరగాల్సింది ఏమిటి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పేజీలు తిరగేసేవాళ్లకు ఒక రకం వార్త బాగా అలవాటు. వరుసగా నిలబెట్టిన బైకులు, వాటి వెనక పోలీసు అధికారులు, పక్కన ముఖాలకు ముసుగులు వేసిన కుర్రాళ్లు. కింద ఎక్కడో ‘పట్టుబడిన వారిలో ఇద్దరు మైనర్లు’ అని ఒక వాక్యం. అది చదివాక టీ కొట్టు దగ్గర వినిపించే మాటలు కూడా దాదాపు ఒకటే. ఈ కాలం పిల్లలు చెడిపోయారు, మైనర్లని చట్టం వదిలేస్తోంది కాబట్టే ఇంత ధైర్యం వస్తోంది అంటారు. ఇందులో పిల్లల నేరాలు పెరిగిపోతున్నాయన్న నమ్మకం ఒకటి, చట్టం వాళ్లను ఏమీ చేయదన్న నమ్మకం ఇంకొకటి ఉన్నాయి. రెండింటికీ లెక్కల్లో గానీ, చట్టంలో గానీ ఆధారం లేదు. కానీ వాటి వెనక ఉన్న భయం నిజమైనదే. బండి పోగొట్టుకున్నవాడికి దొంగ వయసు పదహారా, ముప్పయ్యా అన్నది తేడా అనిపించదు. అందుకే దీన్ని కొట్టిపారేయకుండా నిదానంగా చూడాలి.

ముందు అంకెలు. ఎన్‌సీఆర్‌బీ అని పిలిచే జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2016లో దేశవ్యాప్తంగా మైనర్ల మీద నమోదైన కేసులు 35,849. 2020లో, కరోనా ఏడాది, 29,768. 2021లో 31,170, 2022లో 30,555, 2023లో 31,365. ఏడేళ్లలో పైకీ కిందికీ ఊగుతూ, మొత్తం మీద తగ్గిన సంఖ్య ఇది. 2022లో దేశంలో నమోదైన మొత్తం కేసులు 58 లక్షల పైచిలుకు. అందులో మైనర్ల వాటా అర శాతం. అంటే ప్రతి 200 కేసుల్లో ఒకటి.

ఈ అంకెలు చూసి వెంటనే నిశ్చింత పడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే వీటిని తయారుచేసే పద్ధతిలోనే కొన్ని చిక్కులున్నాయి. ఎన్‌సీఆర్‌బీ లక్ష మంది బాలలకు ఏడు కేసులని ఒక రేటు ఇస్తుంది. ఆ లక్షలో ఉయ్యాల్లో ఉన్న పసిపిల్లలు కూడా కలిసే ఉంటారు. మరోవైపు 2023లో పోలీసులు అదుపులోకి తీసుకున్న 40,036 మంది మైనర్లలో 31,610 మంది, అంటే 79 శాతం, పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల లోపువాళ్లే. కాబట్టి ‘పిల్లల నేరాలు’ అని మనం అంటున్నది చాలావరకు పదహారు, పద్దెనిమిది మధ్య ఉన్న ఆ రెండేళ్లలో జరిగే వ్యవహారం. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లనూ కలిపి సగటు తీస్తే ఆ రెండేళ్లలో ఏముందో కనపడదు.

రెండో చిక్కు నమోదుది. 2016 నాటి జువెనైల్ జస్టిస్ నమూనా నిబంధనల్లో ఎనిమిదో నిబంధన ప్రకారం, ఘోర నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప మైనర్ మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదు. మిగతావన్నీ స్టేషన్ జనరల్ డైరీలో రాసి, ఆ పిల్లాడి ఇంటి పరిస్థితి మీద ఒక నివేదిక జతచేసి, మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. ఒక స్టేషన్‌లో ఈ నిబంధన పాటిస్తారు, పక్క స్టేషన్‌లో అలవాటు కొద్దీ ఎఫ్ఐఆర్ కడతారు. రెండు చోట్లా పిల్లలు చేసింది ఒకటే, కేసుల సంఖ్య మాత్రం వేరు. ఇక పెద్దమనుషుల పంచాయితీలో సెల్‌ఫోన్ తిరిగిచ్చేసి, నాలుగు తగిలించి ముగించేసినవి ఏ లెక్కలోకీ రావు.

రాయలసీమ వరకు మూడో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి విడిపోయాయి. కడపలో కొంత, చిత్తూరులో కొంత కలిసి అన్నమయ్య జిల్లా అయింది. ఇప్పుడెవరైనా 2021 నాటి కర్నూలు అంకెను 2023 నాటి కర్నూలు అంకె పక్కన పెట్టి ‘నేరాలు తగ్గాయి’ అంటే, తగ్గింది నేరం అయి ఉండకపోవచ్చు, జిల్లా అయి ఉండవచ్చు. జిల్లా స్థాయి సమీక్షల గురించి చదివేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంకో సంగతి చాలా తక్కువగా చర్చకు వస్తుంది. పట్టుబడినవాళ్ల లెక్క, పోలీసులు ఎవరి మీద కన్నేసి ఉంచుతారు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. 1871లో మొదలై, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల లాంటివాళ్లను పుట్టుకతోనే దొంగలుగా రాసి పెట్టారు. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అయినా ఊళ్లో ఏదైనా పోతే ముందు ఏ వీధికి వెళ్లి వెతుకుతారో సీమలో అందరికీ తెలుసు. ఒక వీధి పిల్లల్ని ఎక్కువగా ప్రశ్నిస్తే ఆ వీధి నుంచే ఎక్కువ మంది దొరుకుతారు, ఆ సంఖ్యే మళ్లీ ఆ వీధి మీద అనుమానానికి రుజువు అవుతుంది.

మరి ఆ పదహారు, పదిహేడేళ్ల వయసులోనే ఎందుకు? కొంత ఆ వయసు స్వభావం. ఏ దేశంలో చూసినా పదిహేనేళ్లు దాటాక ఇలాంటివి పెరిగి, ఇరవైల్లోకి వచ్చాక తగ్గుతాయి. చాలామంది తమంతట తామే మానేస్తారు. కొంత మాత్రం మన ఏర్పాట్ల లోపం. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే పిల్లాణ్ణి బడిలో ఉంచే బాధ్యత తీసుకుంటుంది. అది దాటాక ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చని బాలకార్మిక చట్టం ఒప్పుకుంటుంది. బడి వదిలి, పని నిలకడగా దొరక్క, మెకానిక్ షెడ్డుకీ బస్టాండుకీ మధ్య తిరిగే వయసు సరిగ్గా అదే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం కూడా లేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో ఏటా కొన్ని నెలలు సుగ్గికి పోతారు. పత్తి తీతకూ, మిరప కోతకూ గుంటూరు వైపు లారీలు ఎక్కుతారు. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు పోతుంది, వదిలిపోతే చూసేవాళ్లుండరు. వాళ్ల కోసమే పెట్టిన సీజనల్ హాస్టళ్లు సకాలంలో తెరుచుకుంటే కొంత మేలు.

అయితే పేదరికం ఉన్నచోట నేరం ఉంటుందని తేలిగ్గా రాసేయడం ఆ పల్లెలకు అన్యాయం. సుగ్గికి పోయే ఇళ్లలో పెరిగిన వేలాది పిల్లలు ఏ కేసులోనూ లేరు. దిక్కులేని పిల్లలే ఇలా తయారవుతారన్న అభిప్రాయం కూడా లెక్కకు నిలవదు. దేశం మొత్తం మీద పట్టుబడే మైనర్లలో నూటికి ఎనభై మందికి పైగా తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవాళ్లే.

ఇక రెండో నమ్మకానికి వద్దాం. చట్టం మైనర్‌ను వదిలేస్తుందా?

పాత మద్రాసు ప్రెసిడెన్సీ 1920లోనే బాలల చట్టం చేసింది. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన తొలి ప్రాంతం అదే. సీమ జిల్లాలు అప్పుడు అందులో భాగం. కాబట్టి పిల్లల తప్పును పెద్దల తప్పులా చూడకూడదన్న ఆలోచన ఇక్కడికి నిన్న మొన్న వచ్చింది కాదు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 2016 జనవరి 15 నుంచి. దాని ప్రకారం పట్టుబడిన పిల్లాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. సంకెళ్లు వేయకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా మహిళ. ఎత్తైన వేదిక, బోను ఉండకూడదు. తప్పు చేశాడని తేలితే మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా, ప్రొబేషన్ మీద, అంటే పర్యవేక్షణలో విడుదల, చివరగా మూడేళ్ల దాకా స్పెషల్ హోం అనే సంస్కరణ గృహం. వదిలేయడం అంటే ఇది కాదు. కానీ కాగితం మీద ఉన్న ఈ క్రమం ఒక పిల్లాడి విషయంలో ఎలా నడుస్తుందో దగ్గరగా చూస్తే అసలు బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది.

కోసిగి వైపు నుంచి వచ్చి కర్నూలులో షెడ్డులో పనిచేసే పదహారేళ్ల పిల్లాడనుకుందాం. ఎనిమిదిలో బడి మానేశాడు. ఇద్దరు పెద్ద కుర్రాళ్లతో కలిసి బైకు ఎత్తుకుపోయి దొరికాడు. మొదటి ప్రశ్న వయసు. చట్టం ముందు బడి సర్టిఫికెట్ అడుగుతుంది, అది లేకపోతే జనన ధ్రువీకరణ పత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. పుట్టిన తేదీకి ఆధార్ కార్డు రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ బడిలో ఉన్న తేదీ చాలా పల్లెల్లో చేర్పించిన రోజు అయ్యవారు అంచనాగా వేసిన తేదీ. మైనరా, మేజరా అన్నది ఆ అంచనా తేదీ మీద నిలబడుతుంది. ఆ సర్టిఫికెట్ ఊరి నుంచి తెచ్చిచ్చే మనిషి లేకపోతే, స్టేషన్‌లో రాసిన ‘సుమారు 19’ అన్న మాటే నడిచిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత బెయిలు. పన్నెండో సెక్షన్ ప్రకారం నేరం ఏదైనా సరే, పూచీకత్తు ఉన్నా లేకపోయినా మైనర్‌కు బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. విడుదల చేస్తే నేరగాళ్ల చేతిలో పడతాడనో, ప్రమాదంలో పడతాడనో, న్యాయానికి అడ్డు వస్తుందనో గట్టి కారణాలుంటేనే ఆపాలి. పెట్టిన షరతులు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే పిల్లాణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు సడలించాలని కూడా చట్టంలో ఉంది. ఇదంతా తల్లిదండ్రులకు తెలిసే అవకాశం తక్కువ. వాళ్లు అప్పుడు మిరప కోతలో ఉన్నారు. కూలి పని మధ్యలో వదిలి రావాలంటే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్స్ లెక్క తేల్చాలి. వచ్చి సంతకం పెట్టేవాళ్లు లేక పిల్లాడు, విచారణ సాగేంతవరకు మైనర్లను ఉంచే అబ్జర్వేషన్ హోంలోనే ఉండిపోతాడు.

ఆలోగా ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. ఈ వ్యవస్థ మొత్తంలో అన్నింటికన్నా విలువైన కాగితం ఇదే. ఇంట్లో ఎవరున్నారు, బడి ఎందుకు మానేశాడు, ఎవరితో తిరుగుతున్నాడు, మత్తు అలవాటుందా, ఎవరైనా పెద్దవాళ్లు వాడుకుంటున్నారా అన్నవన్నీ అందులో ఉండాలి. బోర్డు ఇచ్చే ఉత్తర్వు పిల్లాడికి సరిపోతుందా లేదా అన్నది ఆ నివేదికలోని వివరం మీదే ఆధారపడుతుంది. అధికారి ఊరికి వెళితే ఇంటికి తాళం. పక్కింటివాళ్లు ‘వాడు మాట వినడు సార్’ అంటే అదే నివేదికలో ఎక్కుతుంది. చాలా ఊళ్లు చూసుకోవాల్సిన అధికారి మళ్లీ వెళ్లగలరా అన్నది అనుమానమే. షెడ్డు యజమాని, ఎనిమిదో తరగతి సారు, గుంటూరులో ఉన్న తల్లి, వీళ్లలో ఏ ఒక్కరితో ఫోన్‌లో మాట్లాడినా ఆ పిల్లాడి గురించి బోర్డుకు తెలిసేది వేరుగా ఉండేది.

ఆ ఇద్దరు పెద్ద కుర్రాళ్ల సంగతి కూడా మరవకూడదు. పిల్లల్ని చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకు 83వ సెక్షన్ ఏడేళ్ల దాకా కఠిన జైలు, అయిదు లక్షల దాకా జరిమానా చెబుతుంది. మద్యం మోయించడానికీ, అమ్మించడానికీ పిల్లల్ని వాడితే 78వ సెక్షన్ ఉంది. కర్ణాటక సరిహద్దు పొడవునా ఉన్న మన స్టేషన్లకు ఈ రెండు సెక్షన్లు కంఠతా రావాలి. మైనర్ దొరికిన ప్రతి కేసులో వెనక పెద్దవాడున్నాడా అని వెతికితే, దుకాణం నడిపేవాడు దొరుకుతాడు. వెతకకపోతే మోసినవాడితోనే కేసు ముగుస్తుంది.

విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు. చిన్న నేరమైతే ఆ గడువు దాటాక కేసే రద్దవుతుంది. వాస్తవం వేరు. న్యాయ వ్యవస్థ పనితీరును కొలిచే ఇండియా జస్టిస్ రిపోర్ట్ బృందం 362 బోర్డుల వివరాలు సేకరిస్తే 2023 అక్టోబర్ 31 నాటికి 55 శాతం కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. దాదాపు నాలుగో వంతు బోర్డుల్లో పూర్తి సభ్యులే లేరు. పదహారేళ్లవాడికి ఏడాది పెండింగ్ అంటే ఐటీఐలో సీటు పోవడం, పదో తరగతి ఓపెన్ పరీక్ష పోవడం. ‘చట్టం ఏమీ చేయడం లేదు’ అన్న జనం మాటలో నిజం ఉంటే ఇక్కడే ఉంది. శిక్ష తక్కువ కావడం వల్ల కాదు, చెప్పిన పని చెప్పిన రోజుకు జరగకపోవడం వల్ల.

శిక్ష పెంచాలన్న వాదన ఘోరమైన కేసులప్పుడు వస్తుంది. 2012 డిసెంబర్ ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసులో ఒక నిందితుడి వయసు పదిహేడు. అతనికి మూడేళ్ల గరిష్ఠ కాలమే పడింది. ఆ ఆగ్రహం నుంచే 2015 చట్టంలో 15వ సెక్షన్ వచ్చింది. పదహారు దాటినవాళ్లు ఘోర నేరం, అంటే కనీస శిక్ష ఏడేళ్లున్న నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, వాళ్ల మానసిక, శారీరక సామర్థ్యాన్నీ, పర్యవసానం అర్థమయ్యే శక్తినీ బోర్డు మదింపు చేసి, పెద్దవాళ్లలా విచారించడానికి బాలల కోర్టుకు పంపవచ్చు. ఉరిశిక్షకు గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవానికి గానీ మాత్రం తావు లేదు.

2024 జులైలో పాత కర్నూలు జిల్లాలోని, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఒక ఊళ్లో చిన్నారి హత్యాచారం కేసులో ఆరు, ఏడు తరగతులు చదివే ముగ్గురు అబ్బాయిల మీద ఆరోపణ వచ్చింది. ఆ ఊరి పేరు రాయడం లేదు, పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదన్నది 74వ సెక్షన్. ఆ వార్త విన్న సీమలో కన్నీరు పెట్టని ఇల్లు లేదు. అయితే 15వ సెక్షన్ ఆ వయసువాళ్లకు అసలు వర్తించదు. వయసు ఇంకా తగ్గించాలంటూ అప్పుడు గొంతులు లేచాయి. ఆ బాధకు ఎవరూ ఎదురు చెప్పలేరు. కానీ పన్నెండు, పదమూడేళ్ల పిల్లల మీద అలాంటి ఆరోపణ వచ్చినప్పుడు, వాళ్ల చేతిలోకి ఏ వీడియోలు ఏ ఫోన్‌లో వచ్చాయి, బడిలో ఎవరూ ఏమీ గమనించలేదా అన్నవి శిక్ష ఎన్నేళ్లన్న ప్రశ్నకంటే ముందు రావాల్సినవి. బాధిత కుటుంబానికి దక్కాల్సిన ఆసరా, పరిహారం కూడా ఆ చర్చలో వెనకబడిపోతుంది.

పెద్దవాళ్ల కోర్టుకు పంపితే భయపడి మారతారా అన్నదానికి అమెరికాలో ఎక్కువ అనుభవం ఉంది. 1990ల్లో అక్కడి రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపడం బాగా పెంచాయి. 2007లో అక్కడి నిపుణుల బృందం ఆ అధ్యయనాలన్నీ పరిశీలించి, అలా పంపిన పిల్లలు మళ్లీ అరెస్టయ్యే అవకాశం బాలల వ్యవస్థలోనే ఉంచినవాళ్లకన్నా దాదాపు 34 శాతం ఎక్కువని తేల్చింది. న్యూజిలాండ్ 1989లో వేరే దారి పట్టింది. తప్పు చేసిన పిల్లాడు, అతని కుటుంబం, నష్టపోయినవాళ్లు ఒక చోట కూర్చుని ఏం చేయాలో నిర్ణయించే సమావేశాలు పెట్టింది. మన పంచాయితీలకు ఇది పైకి దగ్గరగా కనిపిస్తుంది గానీ, అక్కడ నష్టపోయినవాళ్ల మాటకు విలువుంటుంది, తర్వాత ఏం జరిగిందో అధికారి చూస్తారు. మన రచ్చబండ దగ్గర ఆ రెండూ ఉండవు.

‘ఘోర నేరం’ అన్న గంపలో పడే మరో రకం కేసులున్నాయి. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం కింద సమ్మతి వయసు పద్దెనిమిది. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ప్రేమించుకుని ఊరు దాటితే, అమ్మాయి తండ్రి ఫిర్యాదుతో అబ్బాయి ఘోర నేరస్తుడవుతాడు. కులం వేరైతే ఫిర్యాదు మరింత త్వరగా వస్తుంది. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లలో 2016–2020 మధ్య వచ్చిన 7,064 పోక్సో తీర్పులు పరిశీలిస్తే 24 శాతం ఇలాంటి ప్రేమ వ్యవహారాలేనని బాలల హక్కుల మీద పనిచేసే ఎన్‌ఫోల్డ్ సంస్థ తేల్చింది. మరోపక్క 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పెద్దలు చేసిన ఆ పెళ్లిళ్లలో కేసులయ్యేవి చాలా తక్కువ.

చివరిగా, అన్నీ ముగిశాక. జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మైనర్‌గా చేసిన తప్పు తర్వాత జీవితంలో అనర్హత కాకూడదు, గడువు తీరాక రికార్డు నాశనం చేయాలి. పదహారు దాటి, పెద్దవాడిలా విచారణ జరిగి దోషిగా తేలినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. సీమలో ఈ సెక్షన్ విలువ కానిస్టేబుల్ ఉద్యోగం దగ్గర తెలుస్తుంది. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండ్లలో పరుగు తీసే కుర్రాళ్లలో ఇలాంటి పాత కేసు ఉన్నవాళ్లూ ఉండవచ్చు. రాతపరీక్ష, ఈవెంట్స్ గట్టెక్కి సెలెక్షన్ వచ్చాక వెరిఫికేషన్‌లో ఆ కేసు బయటకు తీస్తే ఏమవుతుంది? కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి విషయంలో 2019లో సుప్రీంకోర్టు, మైనర్‌గా ఉన్నప్పటి కేసును అతనికి వ్యతిరేకంగా వాడకూడదని చెప్పింది. ఆ తీర్పు తెలియని అభ్యర్థి ఫారంలో ఏం రాయాలో తెలియక ఉద్యోగం మీద ఆశ వదులుకుంటాడు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మైనర్ల కేసుల్లో ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. స్టేషన్‌కు పిలిపించిన మొదటి రోజే ఎవరో ఒకరు ఆ నంబరు తల్లిదండ్రులకు చెబితే, బడి సర్టిఫికెట్ నుంచి బెయిలు షరతుల దాకా అడగాల్సినవన్నీ అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు.